ఒకే మేక తోలు, ఒకే మిషన్. మాడ్యులస్ మాత్రం 3 నుంచి 30 దాకా ఎందుకొస్తోంది?

నల్లగొండ_మెకానిక్స్ · #1
మేక చర్మం మీద టెన్సైల్ (లాగి చూసే) టెస్టులు నడుస్తున్నయ్. కాలేజీల ఉన్న యూటీఎం (ముక్కను లాగే మిషన్), 5 కిలోన్యూటన్ల లోడ్‌సెల్ (బలం కొలిచే సెన్సార్). పట్టీలు 10 మి.మీ. వెడల్పు, క్లాంపుల మధ్య 20 మి.మీ., వేగం నిమిషానికి 50 మి.మీ. మందం స్క్రూగేజీతోని చూస్తున్నం. ఒక్క మేక తోలుల నుంచే పన్నెండు పట్టీలు కోస్తే మాడ్యులస్ (గట్టిదనం లెక్క) ఒకదానికి 3 మెగాపాస్కల్స్, ఇంకోదానికి 30. గైడ్ గారు యావరేజి తీసి రాయమంటున్నరు. ఇంత తేడాకు యావరేజి తీస్తే దానికి అర్థం ఉంటదా? తప్పు మిషన్‌దా, ముక్కదా?

గద్వాల_గేజ్ · #2
యావరేజి తీయకండి. ముందు ఇవి చెప్పండి: తోలు ఎక్కడి నుంచి తెచ్చిన్రు? పట్టీలు వెన్నెముక వెంట కోసిన్రా, అడ్డంగానా? మాడ్యులస్ గ్రాఫులో ఏ భాగం నుంచి తీసిన్రు?

సూర్యాపేట_సెన్సార్ · #3
5 కిలోన్యూటన్ల లోడ్‌సెల్ అనంగనే సగం సంగతి తెలిసింది. మామూలుగా ఆ సెల్‌కు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ దాని కెపాసిటీలో నూరో వంతు దాకే ఉంటది, అంటే 50 న్యూటన్లు. మీ పట్టీ 10 × 1.5 మి.మీ. అనుకుంటే 15 చదరపు మి.మీ. మొదటి 3 మెగాపాస్కల్స్ అంతా 45 న్యూటన్ల లోపే అయిపోతది. గ్రాఫులో అసలు చూడాల్సిన మొదటి వంపు మొత్తం సెల్‌కు నమ్మకం లేని చోటనే పడుతున్నది.

నల్లగొండ_మెకానిక్స్ · #4
@గద్వాల_గేజ్ తోలు టౌన్‌ల తోళ్ల వ్యాపారి దగ్గర తెచ్చినం. ఉప్పు పట్టించి మడతపెట్టి ఉంటయి. తెచ్చినంక సెలైన్‌ల రెండు గంటలు నానబెట్టి కోసినం. దిక్కు గుర్తు పెట్టలేదు. మాడ్యులస్ అంటే 0 నుంచి 20 శాతం స్ట్రెయిన్ (మొదటి పొడవుల ఎంత శాతం సాగిందో అది) వరకు ఒక గీత వేసి దాని వాలు.

వనపర్తి_పశువైద్యం · #5
ఉప్పు పట్టించిన తోలు బతికున్న చర్మానికి ప్రతినిధి కాదండి. ఉప్పు లోపలి నీటిని లాగేస్తుంది, నీటితో పాటు కరిగే ప్రొటీన్లు కొన్ని, పీచుల మధ్య ఉండే జిగురు పదార్థం కొంత పోతాయి. రెండు గంటలు నానబెడితే బరువు తిరిగి రావచ్చు, లోపలి కట్టు తిరిగి రాదు. పైగా ఉప్పు అంతటా ఒకేలా పట్టదు. మడత లోపల ఒకలా, అంచుల్లో ఒకలా ఉంటుంది.

మాంసం కొట్టు దగ్గరే తీసుకోండి, కోసిన గంటలోపు. కానీ వాళ్లకు ముందే చెప్పి పెట్టాలి: వెంట్రుకల కోసం మంట మీద కాల్చొద్దు, వేడినీళ్లు పోయొద్దు అని. మన వైపు బొచ్చు కాల్చి పసుపు రాసే పద్ధతి ఉంది కదా, ఆ తోలు పరీక్షకు పనికిరాదు. 60-65 డిగ్రీలు దాటితే కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే పీచు ప్రొటీన్) ముడుచుకుపోతుంది. సున్నం పెట్టి వెంట్రుకలు తీసినా అంతే, పీచులు ఉబ్బిపోతాయి. క్లిప్పర్‌తో కత్తిరించి, మిగిలింది రేజర్‌తో తీయండి.

గద్వాల_గేజ్ · #6
వనపర్తి మేడం చెప్పింది ఒకటి. రెండోది దిక్కు. కార్ల్ లాంగర్ 1861లో వియన్నాలో శవాల చర్మం మీద గుండ్రటి మొనతో పొడిచి చూసిండు. రంధ్రాలు గుండ్రంగా ఉండకుండా ఒక దిక్కుకు చీలికల్లా సాగినయ్. కొల్లాజెన్ పీచులు ఎటు ఎక్కువ నడుస్తయో చీలిక అటే. పట్టీ ఆ వెంట కోస్తే త్వరగా బిగుస్తది, అడ్డంగా కోస్తే చాలా సేపు సాగినంకనే బిగుస్తది. మీ 3కీ 30కీ మధ్య తేడాలో పెద్ద వాటా దీనిదే కావచ్చు.

మీరు కూడా అదే చెయ్యొచ్చు. తోలు పరిచి, గుండ్రటి మొన ఉన్న దబ్బనంతో 20 మి.మీ.కు ఒకటి చొప్పున పొడవండి. చీలిక ఎటు పోతున్నదో మార్కర్‌తో గీయండి. తోలు పరీక్షల స్టాండర్డ్స్‌లో కూడా వెన్నెముకకు సమాంతరం ఒక సెట్టు, అడ్డం ఒక సెట్టు విడివిడిగా తీస్తరు. పిరుదు వైపు గట్టి అల్లిక, పొట్ట వైపు వదులు అల్లిక. ఈ రెండు చోట్ల ముక్కలు ఒక సెట్టుల కలపొద్దు.

కొల్లాపూర్_బయో · #7
0 నుంచి 20 శాతానికి ఒక గీత అన్నది నాకు పెద్ద అభ్యంతరం. చర్మం గ్రాఫు స్ప్రింగులా తిన్నగా ఉండదు. మొదట దాదాపు పడుకుని ఉంటుంది: ముడతలు పడ్డ కొల్లాజెన్ పీచులు సాపు అవుతుంటాయి, భారం ఎక్కువగా ఎలాస్టిన్ అనే సాగే పీచుల మీద. తర్వాత వంపు తిరుగుతుంది. చివరకు పీచులన్నీ బిగుసుకున్నాక నిటారుగా లేస్తుంది. మీ 20 శాతం ఒక పట్టీలో వంపు ముందు పడుతుంది, ఇంకో పట్టీలో వంపు దాటాక పడుతుంది. అందుకే పది రెట్ల తేడా. కొలిచిందే వేర్వేరు వస్తువులు అయినప్పుడు తేడా రాకుండా ఎలా ఉంటుంది?

మూడు సంఖ్యలు ఇవ్వండి: మొదటి భాగం వాలు, చివరి తిన్నటి భాగం వాలు, ఆ రెండు గీతలు కలిసే చోటి స్ట్రెయిన్. సిమ్యులేషన్‌లో వాడాలంటే బయోమెకానిక్స్ శాస్త్రవేత్త ఫంగ్ చెప్పిన ఎక్స్‌పొనెన్షియల్ రూపం పెట్టి స్థిరాంకాలు తీయండి.

మిర్యాలగూడ_ఎంటెక్ · #8
@కొల్లాపూర్_బయో మొదటి భాగం వాలు తీయాలంటే సున్నా ఎక్కడో తెలియాలి గదా అక్కా. పట్టీ వేలాడుతూ ఉన్నప్పటి పొడవు సున్నానా, బిగిసినంకనా?

కొల్లాపూర్_బయో · #9
అసలు ప్రశ్న అదే. ప్రీలోడ్ (మొదట పెట్టే చిన్న లాగుడు బలం) ఒకటి నిర్ణయించుకుని అన్ని పట్టీలకూ అదే పెట్టాలి. చర్మానికి 0.05 నుంచి 0.1 న్యూటన్ సరిపోతుంది. ఆ బలం దగ్గర ఉన్న పొడవే మొదటి పొడవు. థీసిస్‌లో ఆ విలువ రాయకపోతే మీ స్ట్రెయిన్‌ను ఇంకొకరు దేనితోనూ పోల్చుకోలేరు.

ఇంకోటి, తోలు ఒలిచినప్పుడే కొంత ముడుచుకుంటుంది, శరీరం మీద అది ఎప్పుడూ కొంత లాగబడే ఉంటుంది కాబట్టి. కుదిరితే ఒలవకముందే 50 మి.మీ. చదరం ముద్ర వేసి, ఒలిచాక ఎంతయిందో కొలవండి. అసలు శరీరంలో చర్మం ఏ స్ట్రెయిన్ దగ్గర పనిచేస్తుందో అప్పుడు తెలుస్తుంది.

సూర్యాపేట_సెన్సార్ · #10
మందం సంగతి ఎవరూ అనలేదు. స్క్రూగేజీ రాచెట్ తిప్పితే మెత్తటి ముక్క నలుగుతది. అసలు 1.5 ఉన్నది 1.1 చూపిస్తే స్ట్రెస్ (బలాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది) 36 శాతం ఎక్కువ వచ్చినట్టే. అదీ ఒక్కో చేయి ఒక్కో తీరు బిగిస్తది.

రెండు మైక్రోస్కోపు గాజు పలకలు తీసుకోండి. రెండింటినీ కలిపి మందం కొలిచి రాసుకోండి. ముక్కను వాటి మధ్య పెట్టి, పై పలక దాని బరువుతోనే కూర్చోవాలె, వేలితో నొక్కొద్దు. కాలిపర్‌తో మొత్తం కొలిచి పలకల మందం తీసేయండి. పలక బరువు 5 గ్రాముల చుట్టూ, 4 × 40 మి.మీ. ముక్క మీద అది 0.3 కిలోపాస్కల్ మాత్రమే. చర్మానికి పర్వాలేదు. మూడు చోట్ల చూడాలె: రెండు చివరలు, నడుమ. మూడింటికీ పది శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ పట్టీ కింద కొవ్వు గీకుడు సరిగ్గ కాలేదని అర్థం.

నల్లగొండ_మెకానిక్స్ · #11
కొవ్వు పొర గీకాల్నా? మేము అట్లనే పెట్టినం.

వనపర్తి_పశువైద్యం · #12
గీకాలి. కింద పలుచని కండ పొర, కొవ్వు ఉంటాయి. అవి దాదాపు భారం మోయవు, మందం మాత్రం పెంచుతాయి. లోపలివైపు పైకి పెట్టి, మొద్దు స్కాల్‌పెల్‌ను పడుకోబెట్టి తీయండి. ఒలిచేటప్పుడు పడ్డ కత్తి గాట్లు ఉంటే ఆ భాగం వదిలేయాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గాటు సన్నని తెల్ల గీతలా కనిపిస్తుంది. పట్టీ తెగేది కూడా అక్కడే.

దేవరకొండ_డై · #13
తిన్నటి పట్టీ కాకుండా డంబెల్ ఆకారం కోస్తే క్లాంపు దగ్గర తెగుడు తగ్గుతది. నడుమ 4 మి.మీ. వెడల్పు, తిన్నటి భాగం కనీసం 20 మి.మీ. ఉండాలె, అంటే పొడవు వెడల్పుకు అయిదు రెట్లు. కత్తెరతో కోయకండి, అంచు రంపం పన్నులెక్క వస్తది. చెప్పుల పనివాళ్లు వాడే స్టీల్ డై చేయించుకుంటే ఒక్క దెబ్బకు సాపుగ వస్తది. తోలును అరగంట ఫ్రీజర్‌ల పెట్టి కొంచెం గట్టిపడ్డంక కొడితే జరగదు. పూర్తిగ గడ్డకట్టనీయొద్దు.

పాలమూరు_ఫాంటమ్ · #14
క్లాంపులో జారుడుకు ఏం చేస్తారు? మా దగ్గర గ్రాఫు మీద మెట్లు మెట్లుగా వస్తోంది.

దేవరకొండ_డై · #15
మెట్లు వస్తే జారుతున్నట్టే. నిర్ధారణకు: క్లాంపు అంచు దగ్గర ముక్క మీద పెన్నుతో సన్నగ గీత గీయి. లాగినంక గీతకూ క్లాంపుకూ మధ్య కొత్త చర్మం కనిపిస్తే అంత జారినట్టు. 20 మి.మీ. గేజీల 2 మి.మీ. జారితే 10 శాతం స్ట్రెయిన్ ఉత్తదే.

120 నంబర్ ఎమెరీ పేపరు, గరుకు లోపలికి. ముక్క చివర టిష్యూ పేపరుతోని నీళ్లు అద్ది, పేపరుకు సూపర్‌గ్లూ ఒక్క చుక్క. జిగురు నడుమ భాగానికి పారకుండ చూడాలె, పారితే ఆ చోట చర్మం ప్లాస్టిక్ లెక్క అయితది. బోల్టు బిగించి, ప్రీలోడ్ ఇచ్చి, ఒక నిమిషం ఆగి మళ్ల బిగించు. ఒత్తిడికి ముక్క పలుచబడి పట్టు వదులైతది, రెండోసారి బిగించుడు మర్చిపోతనే జారేది. స్నాయువు (టెండన్) అయితే ఎమెరీ సరిపోదు, డ్రై ఐస్ తోని చివరలు గడ్డకట్టించే క్లాంపులు కావాలె.

గద్వాల_గేజ్ · #16
జారుడు ఎంత ఆపినా స్ట్రెయిన్ క్లాంపు కదలిక నుంచి తీయొద్దు. నడుమ భాగంలో ఇండియన్ ఇంకుతో 10 మి.మీ. దూరంలో రెండు చుక్కలు పెట్టండి. ఫోను స్టాండు మీద లంబంగా, మాన్యువల్ ఫోకస్, సెకనుకు 30 ఫ్రేముల వీడియో. ఫ్రేములో స్కేలు ముక్క ఒకటి అదే లోతులో ఉండాలి. చుక్కల దూరం ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే చాలు. లోడ్ రికార్డింగూ వీడియో రెండూ కలవాలంటే మొదట్లో ఒక ఎల్ఈడీ వెలిగించి అదే క్షణం డేటాలో గుర్తు పడేలా చేయండి.

మిర్యాలగూడ_ఎంటెక్ · #17
ప్రీకండిషనింగ్ (అసలు టెస్టుకు ముందు లాగి వదులుడు) ఎన్నిసార్లు? కొందరు 5 అంటరు, కొందరు 10.

గద్వాల_గేజ్ · #18
సంఖ్య కాదు, వరుసగా రెండు గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పడేదాక. మామూలుగా 5-10లో అయిపోతది. ముఖ్యమైనది పరిధి. 5 శాతం వరకు ఊపి తర్వాత 30 శాతం దాకా లాగితే, 5 దాటిన భాగానికి ప్రీకండిషనింగ్ ఏం జరగనట్టే.

కొల్లాపూర్_బయో · #19
నేను ఒప్పుకోను, ప్రతి పనికీ ప్రీకండిషనింగ్ అక్కర్లేదు. సర్జరీ శిక్షణ మోడల్ కోసమైతే డాక్టరు కత్తి, సూది పడేది మొదటిసారే, ఎవరూ ముందు పది సార్లు లాగి తర్వాత కోయరు. అప్పుడు మొదటి సైకిలే అసలు డేటా. గుండె కవాటం, రక్తనాళం లాంటివి రోజంతా సాగి ముడుచుకునేవి కాబట్టి వాటికి ప్రీకండిషనింగ్ న్యాయం. పని ఏదో చెప్పకుండా సైకిళ్ల సంఖ్య అడగడం వల్లే ఈ గందరగోళం.

గద్వాల_గేజ్ · #20
ఆ లెక్కన సరే. కానీ మొదటి సైకిల్ వాడితే ముక్కను పట్టుకున్నప్పుడు, బిగించినప్పుడు ఎంత లాగినమో ఆ చరిత్ర కూడా డేటాలోకి వస్తది. పట్టీల మధ్య తేడా ఎక్కువ వస్తదని తెలిసి వాడాలి.

నల్లగొండ_మెకానిక్స్ · #21
వేగం నిమిషానికి 50 మి.మీ. ఎక్కువనా?

కొల్లాపూర్_బయో · #22
20 మి.మీ. గేజీకి అది సెకనుకు 4 శాతం పైనే. నెమ్మది పరీక్షకు సెకనుకు 1 శాతం చాలు, మీ గేజీకి నిమిషానికి 12 మి.మీ. చర్మంలో జిగట గుణం ఉంది కాబట్టి వేగం పెరిగితే గట్టిదనమూ పెరుగుతుంది. రెట్టింపు వేగానికి రెట్టింపు కాదు, కానీ వేగం అన్ని పట్టీలకూ ఒకటే ఉండాలి. కుదిరితే ఒక సెట్టులో 20 శాతం దగ్గర ఆపి 300 సెకన్లు పట్టుకుని బలం ఎంత పడిపోతుందో రికార్డు చేయండి, ఆ ఒక్క గ్రాఫు చాలా చెబుతుంది.

సూర్యాపేట_సెన్సార్ · #23
తడి గురించి. ఎండాకాలం ల్యాబ్‌ల ఫ్యాన్ కింద 4 మి.మీ. పట్టీ పెడితే పది నిమిషాల్ల అంచులు ఆరిపోయి గట్టిపడతయ్. టెస్టు జరుగుతున్నంత సేపు స్ప్రే, లేదా ముక్క చుట్టూ పారదర్శకమైన తొట్టి కట్టి సెలైన్ నింపాలె. ఫ్యాన్ బందు. మెడికల్ షాపుల దొరికే 0.9 శాతం సెలైన్ సీసా చాలు.

పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన సెలైన్) సొంతంగ కలిపేవాళ్లకు: లీటరుకు సోడియం క్లోరైడ్ 8 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.2, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.44, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.24, పీహెచ్ 7.4. డిస్టిల్డ్ వాటర్‌లనే కలపాలె. మన బోరు నీళ్లల్ల కాల్షియం ఎక్కువ, ఫాస్ఫేట్‌తోని కలిసి తెల్లటి తెట్టు దిగుతది. పీహెచ్ జరుగుతది, ఆ సన్నని పొడి చర్మం మీద కూర్చుంటది.

పాలమూరు_ఫాంటమ్ · #24
నా అవసరం వేరే. సూది గుచ్చే శిక్షణకు జెలటిన్ మోడల్ చేస్తున్నాం, మేక కాలేయానికి దగ్గరగా ఉండాలి. లాగే మిషన్ లేదు. కాలేయాన్ని క్లాంపులో పెడితే నలిగిపోతుంది. నొక్కి కొలవొచ్చా?

సూర్యాపేట_సెన్సార్ · #25
నొక్కుడే సరైన పద్ధతి. కంసాలి దుకాణంల ఉండే 0.01 గ్రాము తూకం తీసుకోండి. దాని మీద గిన్నె, గిన్నెల కాలేయం. పైన స్టాండుకు మైక్రోమీటర్ హెడ్, దాని కొనకు సైకిల్ వెనక చక్రం బేరింగ్ గుండు అతికించండి, వ్యాసం 6.35 మి.మీ. తిప్పుకుంట 0.1 మి.మీ. చొప్పున దించి తూకం రాసుకోవాలె.

లెక్క హెర్ట్జ్ అనే శాస్త్రవేత్తది: నీళ్లు ఎక్కువ ఉన్న కణజాలానికి పాయిజాన్ నిష్పత్తి (నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతదో చెప్పేది) 0.5 అనుకుంటే, బలం = 16/9 × మాడ్యులస్ × గుండు వ్యాసార్ధం వర్గమూలం × లోతు 1.5 ఘాతం. మాడ్యులస్ 10 కిలోపాస్కల్స్ అయితే 1 మి.మీ. లోతుకు 0.032 న్యూటన్, అంటే తూకం మీద 3.2 గ్రాములు. 0.1 మి.మీ.కు 0.1 గ్రాము మాత్రమే. అందుకే కూరగాయల తూకం పనికిరాదు.

గద్వాల_గేజ్ · #26
#25కు నాలుగు జాగ్రత్తలు.

ఆ తూకాల్లో చాలావాటికి సున్నా దగ్గర దానంతటదే సవరించుకునే గుణం ఉంటది. మెల్లగ పెరిగే బరువును మింగేస్తది. గిన్నె పెట్టినంక టేర్ (సున్నా చేసే బటన్) నొక్కకుండ, గిన్నె బరువు మీదనే చదివి తర్వాత తీసేయండి.

కాలేయాన్ని సెలైన్‌ల ముంచొద్దు. గుండు మునిగితే అది తోసిన నీళ్ల బరువు 0.13 గ్రాములు తూకం మీద పడతది, మొదటి 0.1 మి.మీ. బలం కంటే ఎక్కువ. పైన తడి గుడ్డ కప్పి, నొక్కే చోట మాత్రం తెరవండి.

మందం లోతుకు కనీసం పది రెట్లు. 10 మి.మీ. ముక్కల 1 మి.మీ. దాటొద్దు, లేకుంటే కింద గిన్నె గట్టిదనం కూడ కొలిచినట్టయితది.

గుండు ఎప్పుడు తాకిందో కంటితో నిర్ణయించకండి. 0.1 మి.మీ. తప్పితే 1 మి.మీ. దగ్గర మాడ్యులస్ 15 శాతం మారుతది. బలానికి 2/3 ఘాతం వేసి లోతుతో గ్రాఫు గీస్తే తిన్నటి గీత వస్తది, అది అడుగు గీతను (బలం సున్నా) కోసే చోటే తాకిన బిందువు. పైకి తీసేటప్పుడు తడి ముక్క గుండుకు అంటుకుంటది, ఆ డేటా వాడొద్దు.

పాలమూరు_ఫాంటమ్ · #27
కాలేయానికి 2 కిలోపాస్కల్స్ వస్తే, ఆసుపత్రి ఫైబ్రోస్కాన్‌లో (కాలేయం గట్టిదనం చూసే పరీక్ష) ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే 5 వరకు చూపిస్తుంది కదా? నాది తప్పనుకోవాలా?

కొల్లాపూర్_బయో · #28
తప్పనుకోవద్దు, కొలిచే పరిస్థితి వేరు. ఫైబ్రోస్కాన్ 50 హెర్ట్జ్ తట్టు ఇచ్చి షియర్ తరంగం (కణజాలంలో అడ్డంగా ఊగుతూ పోయే అల) వేగం చూస్తుంది. మాడ్యులస్ = 3 × సాంద్రత × వేగం వర్గం. వేగం సెకనుకు 1.5 మీటర్లు అయితే 6.75 కిలోపాస్కల్స్. మీరు నొక్కేది దాంతో పోలిస్తే చాలా నెమ్మది, జిగట పదార్థం నెమ్మదికి మెత్తగానే కనిపిస్తుంది. పైగా అక్కడ కాలేయంలో రక్తం ఒత్తిడితో ఉంది, కొట్టు నుంచి తెచ్చినదాంట్లో లేదు. పై పొర మీద నొక్కారా, కోసిన ముఖం మీదా అన్నది కూడా రాయండి, ఆ పొర లోపలి గుజ్జు కన్నా చాలా గట్టిది.

వనపర్తి_పశువైద్యం · #29
కాలేయం, కండ ఫ్రీజ్ చేయొద్దు. మంచు స్ఫటికాలు కణాలను చీలుస్తాయి. కాలేయం కోసిన కొన్ని గంటల్లో అయిపోవాలి, అప్పటిదాకా ఐసు మీద, కానీ ఐసు నీళ్లు తగలకుండా కవరులో. కండ అయితే కోసిన టైము తప్పకుండా రాయండి. మొదట మెత్తగా ఉండి కొన్ని గంటలకు బిగుసుకుంటుంది, తర్వాత మళ్లీ వదులవుతుంది. టైము లేని కండ మాడ్యులస్‌కు విలువ లేదు.

చర్మం మాత్రం సెలైన్‌లో తడిపిన గాజు గుడ్డ (కట్టు కట్టే గాజ్) చుట్టి, గాలి తీసిన కవరులో మైనస్ 20 దగ్గర ఒక్కసారి ఫ్రీజ్ చేయొచ్చు. రెండోసారి వద్దు. కరెంటు పోయి వచ్చే చోట ఫ్రీజర్‌లో చిన్న గ్లాసు నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల లోపలికి దిగి ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు, ఆ నమూనాలు పక్కన పెట్టేయాలి.

మిర్యాలగూడ_ఎంటెక్ · #30
ఫ్రీజ్ చేస్తే చర్మం మారదని ఖాయంగా చెప్పలేం గదా మేడం.

వనపర్తి_పశువైద్యం · #31
మీ సెట్టులోనే చూసుకోండి. ఒకే తోలు నుంచి పక్కపక్కన కోసిన పట్టీల్లో సగం తాజాగా, సగం ఫ్రీజ్ చేసి. తేడా మీ తాజా పట్టీల మధ్య తేడా కన్నా పెద్దదైతే ఫ్రీజర్ మానేయండి.

పాలమూరు_ఫాంటమ్ · #32
జెలటిన్ ఎండాకాలంలో నిలబడదు, మధ్యాహ్నానికి జావలా అవుతోంది.

దేవరకొండ_డై · #33
30 డిగ్రీలు దాటితే అది కరుగుడే దాని గుణం. ఏసీ గదిల ఒకే ఉష్ణోగ్రత దగ్గర, పోసినంక ఫ్రిజ్‌ల సరిగ్గ 24 గంటలు ఉంచి టెస్టు చేయాలె, రోజు గడిచిన కొద్ది గట్టిపడతది కాబట్టి. లేకుంటే అగర్‌కు మారండి, కిరాణాల చైనా గ్రాస్ అంటే ఇస్తరు. అది గట్టిపడ్డంక 80 డిగ్రీలు దాటేదాక కరగదు. కాకపోతే జెలటిన్ లెక్క సాగదు, సూది గుచ్చితే పగులుతది.

సూర్యాపేట_సెన్సార్ · #34
@నల్లగొండ_మెకానిక్స్ కొత్త యూటీఎం కొనాల్సిన పని లేదు. 4 × 1.5 మి.మీ. డంబెల్ అయితే 6 చదరపు మి.మీ. మనిషి వీపు చర్మం 20 మెగాపాస్కల్స్ చుట్టూ తెగుతది, మేకదీ అంతే అనుకున్నా 120 న్యూటన్లు. 20 కిలోల ఎస్ టైప్ లోడ్‌సెల్‌ను ఇప్పుడున్న మిషన్‌కే తగిలించొచ్చు. హెచ్ఎక్స్ 711 బోర్డు (లోడ్‌సెల్ సిగ్నల్‌ను అంకెలుగ మార్చేది) వాడితే మామూలుగ సెకనుకు 10 రీడింగులే వస్తయ్, రేట్ పిన్ పైకి కడితే 80. స్విచ్ వేసినంక అరగంట వేడెక్కనీయాలె, లేకుంటే సున్నా జరుగుతనే ఉంటది. ముద్ర ఉన్న తూకం రాళ్లతోని 100, 200, 500 గ్రాములు, 1, 2, 5 కిలోలు ఎక్కించి, మళ్ల అదే వరుసల దించి చూడాలె. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు తేడా ఉంటే సెల్ బిగింపు సరిగ్గ లేనట్టు.

నల్లగొండ_మెకానిక్స్ · #35
సరే. తాజా తోలు, పిరుదు వైపు, వెంట 6, అడ్డం 6, డంబెల్, సన్న లోడ్‌సెల్, చుక్కలు. ఒక మేక నుంచి 12 సరిపోతయా?

కొల్లాపూర్_బయో · #36
12 పట్టీలు కావు, ఒక మేక. స్టాటిస్టిక్స్‌లో లెక్కలోకి వచ్చేది జంతువు. ఒక మేక నుంచి 12 కన్నా ఆరు మేకల నుంచి రెండేసి మేలు. వయసు, ఆడా మగా, జాతి కొట్టులోనే అడిగి రాసుకోండి. సంస్థ ఎథిక్స్ కమిటీకి కూడా మాంసం కొట్టు నుంచి తెస్తున్నామని ముందే రాతపూర్వకంగా చెప్పండి, పేపరు పంపేటప్పుడు జర్నల్ అడుగుతుంది.

మిర్యాలగూడ_ఎంటెక్ · #37
క్లాంపు దగ్గరనే తెగిన పట్టీలు మొత్తం పారేయాల్నా? సగం అట్లనే పోతయ్.

గద్వాల_గేజ్ · #38
తెగిన బలం వాడొద్దు. అది క్లాంపు నొక్కుడుకు బలహీనపడ్డ చోటుది, అసలు బలం కన్నా తక్కువనే ఉంటది. కానీ చుక్కల మధ్య స్ట్రెయిన్, అప్పటిదాకా వచ్చిన గ్రాఫు మంచిదే, రెండు వాలులూ దాని నుంచి తీసుకోవచ్చు. పట్టికలో తెగిన చోటు అని ఒక గడి పెట్టి, నడుమ తెగినవి ఎన్ని, క్లాంపు దగ్గర తెగినవి ఎన్ని అని రాయండి. క్లాంపు దగ్గర తెగినవి సగం దాటితే బోల్టు బిగింపు తగ్గించి, ఎమెరీ కింద పలుచని రబ్బరు పెట్టి చూడండి.

నల్లగొండ_మెకానిక్స్ · #39
ఎమెరీ కింద రబ్బరు అంటే, పేపరుకూ క్లాంపు ఇనుముకూ మధ్యలోనా?

దేవరకొండ_డై · #40
అవును, ఇనుము వైపు. సైకిల్ ట్యూబు ముక్క, 1 మి.మీ. మందం చాలు. చర్మం వైపు మాత్రం గరుకే ఉండాలె.